అచ్చులో లేని నల్ల గుర్రం

పాల గ్లాసు మీద మీగడ కట్టింది. మీగడ మీద ఈగ వాలింది. ఆ ఈగ మీదే చూపు నిలిపి, చనిపోయిన మనిషి మంచం మీదే కూర్చొని, ఇన్‌స్పెక్టర్ బిస్కెట్ నములుతున్నాడు.

డిటెక్టివ్ గుమ్మంలోనే నిలబడి గడియారం చూసుకుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు శవం ఈ గది దాటింది. ఇప్పుడు రెండూ నలభై. పరుపు మీద మనిషి పడుకున్న గుంట ఇంకా చెదరలేదు. ఆ గుంటలోనే బిస్కెట్ పొడి రాలుతోంది.

"నాలుగింటికి ఆ అమ్మాయిని తీసుకెళ్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్, వేళ్ళు నాక్కుంటూ. "మీకింకా గంటా ఇరవై నిమిషాలుంది అక్కగారూ. వెతుక్కోండి. మంచం కిందా, బీరువా వెనకా, ఎక్కడైనా ఇంకో హంతకుడు దొరుకుతాడేమో."

"మంచం మీద నుంచి మీరు లేస్తే అక్కడా వెతుకుతాను."

అతడు పగలబడి నవ్వాడు. లేవలేదు.

చనిపోయినవాడు పజిళ్ళ మాస్టారు. ముప్పై ఏళ్ళుగా వారానికొక చదరంగం పజిల్ కట్టినవాడు. ఆయన కట్టిన ప్రతి పజిల్‌కూ ఒకటే నియమం: గెలవాలంటే ముందు ఏదో ఒకటి ఇవ్వాలి. మంత్రినో, ఏనుగునో, చేతిలోని అతి విలువైనదాన్ని ఎదుటివాడి నోటికి అందించాలి. వాడు దాన్ని చంపాలి, చంపి చిక్కాలి, చిక్కి చావాలి. ఏటా ఒక ఆదివారం పక్క వీధి క్లబ్బు హాల్లో ఆ పజిళ్ళ పోటీ. ఈ ఆదివారమే ఆ ఆదివారం. పదింటికి పోటీ మొదలయ్యే సరికే, పజిళ్ళు కట్టినవాడు ఈ మంచం మీద, తన దిండు కిందే ఊపిరాడక చచ్చిపోయి ఉన్నాడు. ఎనిమిదికీ తొమ్మిదిన్నరకూ మధ్య అన్నాడు డాక్టరు.

పది రోజుల కిందట ఆయన రాసిన ఉత్తరం డిటెక్టివ్ సంచిలోనే ఉంది. 'నా నోటుపుస్తకాలను ఎవరో తిరగేస్తున్నారు. పోటీకి ముందే వాణ్ణి పట్టుకోవాలి. మీరు రావాలి.' ఆమె రాలేదు. చెక్కబొమ్మల దొంగ కోసం డిటెక్టివా అని నవ్వుకుంది, జవాబైనా రాయలేదు. ఈ గదిలో అడుగుపెట్టినప్పటి నుంచి ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ రోత పుట్టిస్తున్నది ఆ నవ్వే.

చదరంగం ఆమెకు తెలియనిది కాదు. ఆమె తండ్రిదీ ఇదే పిచ్చి. కంచం ముందు తల్లి కునుకుతూ కూర్చుంటే, బోర్డు ముందు తండ్రి మంత్రిని బలిచ్చి మురిసిపోయేవాడు. బలి అన్న మాట వింటేనే ఆమెకు అప్పటి నుంచీ ఒళ్ళు జలదరిస్తుంది. ఇచ్చేవాడు ఎన్నడూ తన్ను తాను ఇచ్చుకోడు, పక్కవాణ్ణే ఇస్తాడు.

మేనకోడలు కింది గదిలో, కుట్టుమిషను ముందు కూర్చొని ఉంది. ముప్పై దాటిన మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని చెమ్మ లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ కానిస్టేబులును డిటెక్టివ్ బయటికి పంపింది.

"పొద్దున ఏం జరిగింది? గడియారం చూసినట్టు చెప్పు."

"ఏడున్నరకి పాలు తీసుకెళ్ళానక్కా. మామయ్య బోర్డు మీద ఆరో పజిల్ సర్దుతున్నాడు. తాగు మామయ్యా అంటే, ఉండవే అన్నాడు. అదే ఆఖరి మాట." ఆమె దారాన్ని వేలికి చుట్టింది, విప్పింది. "ఏడూ యాభైకి కిందికొచ్చి ప్రెస్‌కి ఫోన్ చేసి చెప్పాడు. ఎనిమిదింబావుకి నేను కుట్టిన కర్టెన్లు ఇచ్చి రావడానికి వెళ్ళాను. తొమ్మిదీ ఇరవైకి వచ్చాను. పైకి వెళ్ళలేదు. పోటీ రోజున పిలిచేదాకా పైకి రావద్దనేవాడు, హాలుకి సాయంత్రం ఫలితాలప్పుడే వెళ్ళేవాడు. పదకొండూ ముప్పావుకి అన్నం తీసుకెళ్ళాను..."

"ఆరో పజిల్ ఆ పొద్దునే ఎందుకు? అయిదూ ముందే అచ్చయ్యాయి కదా."

"ఎవరో పుస్తకాలు చూస్తున్నారని అనుమానం. అందుకే ఈసారి ఆరోది కాగితం మీద పెట్టనన్నాడు. పోటీ పొద్దునే కడతాను, నోటితో చెబుతాను, దొంగ నా బుర్ర తెరిచి చూస్తాడా అన్నాడు."

"నువ్వు ఆయన్ను చంపుతానన్నావట. ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో రాశాడు."

"అన్నాను." మేనకోడలు తలెత్తింది. "ఒకసారా? వందసార్లు అన్నాను. నన్ను చూడ్డానికొచ్చిన అబ్బాయి ముందు బోర్డు పెట్టి, నాలుగు ఎత్తుల్లో కట్టెయ్ బాబూ అన్నాడు. వాడు పాపం చెమటలు కక్కాడు. వాళ్ళు పోయాక, బంటును ముందుకు తోసే మొగుడు నీకెందుకే అన్నాడు. అప్పుడూ చంపుతాననే అన్నాను. ఆ రాత్రే ఇద్దరం కూర్చొని అది తలుచుకుని నవ్వుకున్నాం. అది రాసుకోలేదా ఆయన?"

డిటెక్టివ్‌కు నవ్వు రాబోయి ఆగింది.

"బోర్డును ఎవరైనా ముట్టుకున్నారా?"

"ముట్టుకుంటే చెయ్యి విరుస్తాననేవాడు. తప్పు దొరికిన రోజున తనూ ముట్టేవాడు కాదు."

"తప్పంటే?"

"కట్టిన పజిల్‌కి రెండో దారి ఉంటే తప్పే కదక్కా. ఒక్కటే దారి ఉండాలి. దిద్దుబాటు మనసులోనే చేసి ప్రెస్‌కి చెప్పేవాడు. బోర్డు మీద మాత్రం, అచ్చు కాగితం చేతికొచ్చేదాకా, పాతదే ఉంచేవాడు. 'నా తప్పు నా ఎదురుగా నిలబడాలే' అనేవాడు. మొండి మనిషి."

డిటెక్టివ్ పెన్సిలు ఆగింది.

"నువ్వు లేనప్పుడు పైకెవరైనా వెళ్ళాలంటే?"

"ముందు తాళం నా దగ్గరుంది. కానీ మామయ్య గదిలోకి వెనక మెట్లున్నాయిగా. ఆ తలుపు గడియ ఊడి ఆరు నెలలైంది. చూడ్డానికి మూసినట్టే ఉంటుంది, తోస్తే వచ్చేస్తుంది. ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పాను, చూపించాను కూడా. రాసుకున్నారుగా?"

డిటెక్టివ్ రిపోర్టు నకలు తిరగేసింది. నాలుగు పేజీలు, పొందికైన వాక్యాలు. ముందు తలుపు ఉంది. ముందు తాళం ఉంది. తాళంచెవి ఒక్క మేనకోడలి దగ్గరే ఉన్నదని రెండు చోట్ల ఉంది. వెనక తలుపు ఒక్క చోటా లేదు.

ఆమె పైకి వెళ్ళింది. ఇన్‌స్పెక్టర్ వరండాలో ఆ కానిస్టేబులుతో గొప్పలు చెబుతున్నాడు. గదిలో ఎవరూ లేరు.

పుల్లటి పాల వాసన. చెమట వాసన. వాటి మీద కప్పినట్టు ఏదో మందు నూనె వాసన. గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో కట్టుడు పళ్ళు. అవి పెట్టుకోకుండానే చనిపోయాడు మాస్టారు. సంచిలో సీలు వేసిన దిండు కుర్చీ మీద ఉంది. దాని మధ్యలో ఎంగిలి మరక పసుపుపచ్చగా ఎండిపోయింది. ఆ మరక నోరంత ఉంది. అరవబోయి, అరవలేక, బట్టను కొరకబోయి, కొరకడానికి పళ్ళు లేక ఆగిపోయిన నోరు. డిటెక్టివ్ మూలనున్న పంపు దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుంది. దేన్నీ ముట్టుకోలేదు, అయినా కడుక్కుంది.

కిటికీ పక్క బల్ల మీద బోర్డు. పైవరుస కుడి మూలన నల్ల రాజు. రాజు ముందు రెండు బంట్లు గోడలా. పక్కన ఒక ఖాళీ గడి, ఆ తర్వాత నల్ల ఏనుగు, ఏనుగును ఆనుకొని నల్ల గుర్రం. ఎదుట తెల్లవాళ్ళు: అంచున గుర్రం, ఏటవాలు దారిలో మంత్రి, కింద వరుసలో ఏనుగు.

దారి ఆమెకు వెంటనే కనబడింది. కనబడినందుకు చిరాకు కలిగింది. తెల్ల మంత్రి వెళ్ళి రాజు పక్కన ఖాళీ గడిలో కూర్చుంటుంది. రాజు దాన్ని చంపలేడు. తెల్ల గుర్రం కాపలా ఉంది. ఏనుగే చంపాలి. చంపడానికి ఏనుగు రాజు పక్కకు వస్తుంది. ఇక రాజుకు మూడు వైపులా తనవాళ్ళే. కదలడానికి చోటు లేదు, ఊపిరి పీల్చడానికి సందు లేదు. అప్పుడు తెల్ల గుర్రం ఏనుగు ఖాళీ చేసిన గడికి కింది గడిలోకి దూకుతుంది. ఆటకట్టు.

మధ్యాహ్నం శవాన్ని దించుతుంటే, పోటీలో అయిదేళ్ళుగా గెలుస్తున్న ఛాంపియన్ పరామర్శకని వచ్చి, శవం మీదుగా మెడ చాచి ఈ బోర్డును చూసి, "ఎంత అందంగా ఉందండీ," అన్నాడట. తనవాళ్ళ నడుమ ఊపిరాడక చచ్చే రాజు వీళ్ళకు అందం. డిటెక్టివ్ మళ్ళీ చేతులు కడుక్కుంది.

మూడింటికి ప్రెస్ ఓనరు వచ్చాడు. ముసలాయన, గోళ్ళ సందుల్లో ఎప్పటికీ పోని నల్లసిరా. చంకలో పోటీ జవాబు పత్రాల కట్ట ఉంది. డిటెక్టివ్ అడిగిందని క్లబ్బు సెక్రటరీ పంపాడు. చేతిలో రెండు చీటీలు, పోటీలో పంచిన అచ్చు కాగితం ఒకటి ఉన్నాయి.

"ఫోన్‌లో ఎవరేం చెప్పినా టైము వేసి రాసుకోవడం నాకలవాటమ్మా. తర్వాత 'నేనలా చెప్పలా' అంటారు జనం. ఇదిగో, ఏడూ యాభై. ఆరో పజిల్, ఒక్కో గడీ చెప్పాడు. ఇది రెండోది. ఎనిమిదీ ఇరవై అయిదు."

రెండో చీటీలో ఒకే ఒక వాక్యం: పైవరుసలో నల్ల గుర్రం తీసేసి, అదే గడిలో నల్ల శకటు పెట్టాలి.

"ఎనిమిదీ ఇరవై అయిదుకి బతికే ఉన్నాడన్న మాట," అంది డిటెక్టివ్ మెల్లగా.

"నిక్షేపంలా ఉన్నాడు. నవ్వుతున్నాడు కూడా. 'ఒరేయ్, గుర్రముంటే రెండు దార్లున్నాయిరా, శకటు పెడితే ఒక్కటే. పాత దారి ఇప్పుడు ఎర. ఎవడెవడు మింగుతాడో చూద్దాం' అన్నాడు. అచ్చు వేసి, నా చేత్తోనే సీలు వేసి, తొమ్మిదీ నలభైకి హాల్లో ఇచ్చాను. దారిలో ఎవరూ విప్పలేదు. మీ కాళ్ళ మీద ఒట్టు."

"నా కాళ్ళెందుకులెండి. ఆ మొదటి చీటీ ఎవరికైనా చూపించారా?"

"ఇప్పుడు మీకే. గల్లాపెట్టెలో పడేసి తాళం వేశాను."

డిటెక్టివ్ అచ్చు కాగితాన్ని బోర్డు పక్కన పెట్టింది. అన్నీ అవే, ఎక్కడివక్కడే. ఒక్క గడిలో మాత్రం గుర్రానికి బదులు శకటు. గుర్రానికి అందని గడి శకటుకు అందుతుంది. మంత్రిని బలిచ్చి తెల్ల గుర్రం దూకితే, శకటు దాన్ని ఏటవాలుగా మింగేస్తుంది, బలి వృథా. ఇప్పుడు దారి ఒక్కటే. ముందు తెల్ల ఏనుగు పైకెళ్ళి ఆ శకటును చంపాలి. దాన్ని నల్ల ఏనుగు చంపుతుంది. ఆ తర్వాతే మంత్రి, ఆ తర్వాతే గుర్రం. ఒక బలి చాలదు, రెండు కావాలి.

ఆమె కుర్చీ లాక్కొని జవాబు పత్రాలు చదవడం మొదలుపెట్టింది. ఇరవై మూడు. పేర్లు లేవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో రాసిన సీలు కవరు సెక్రటరీ దగ్గరుంది. వట్టి ఎత్తులు రాస్తే మార్కులు రావు, ఎదుటివాడు ఎందుకు తప్పించుకోలేడో కూడా రాయాలి. అది మాస్టారి పట్టు. పదమూడు మంది దారి కనుక్కున్నారు. పది మంది ఎర మింగారు. తొమ్మిది మంది మామూలుగానే మింగారు: శకటును చూసుకోలేదు, లేదా చూసి పొరపడ్డారు. పదో కాగితం దగ్గర ఆమె చాలాసేపు ఆగింది.

ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది.

తర్వాత కట్టంతా కట్టి, ప్రెస్ ఓనరు చేతిలో పెట్టి, ఆయన చెవిలో నాలుగు మాటలు చెప్పింది. ముసలాయన కళ్ళు పెద్దవయ్యాయి.

"అమ్మా, మీరొక్కరే ఇక్కడ..."

"ముందు ఆ పని చూడండి. కట్ట మళ్ళీ నా చేతికి రావాలి. తర్వాతి దానికి మీకు పావుగంట."

మూడూ నలభైకి కట్ట బల్ల మీదికి తిరిగొచ్చింది. ప్రెస్ ఓనరు చెమట తుడుచుకుంటూ మళ్ళీ వెళ్ళిపోయాడు. ఆ వెనకే ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చి, మళ్ళీ అదే మంచం మీద, అదే గుంటలో కూర్చున్నాడు.

"ఏమంటాడు సిరా తాత? హంతకుణ్ణి అచ్చు వేశాడా?"

"మీ రిపోర్టులో వెనక తలుపు లేదు."

"ఉండాల్సిన అవసరం లేదు. ఎవడూ వాడని తలుపు."

"గడియ ఊడిందని ఆ అమ్మాయి మీకు చూపించిందట."

"హంతకురాలు చూపించినవన్నీ రాస్తే అది రిపోర్టు కాదు, నవల." అతడు బిస్కెట్ పొట్లం నలిపి, గురి చూసి, మాస్టారి చెప్పుల మీదికి విసిరాడు. "చూడండి అక్కగారూ. ఆడదానికి విసుగొచ్చింది. బోర్డు, బొమ్మలు, సేవలు. దిండు తీసింది, పెట్టింది. ఇంతే. మీరు ప్రతిదానికీ లోతు వెతుకుతారు. లోతు లేని చోట తవ్వితే మీ గోళ్ళే అరుగుతాయి."

"మీరూ పోటీలో కూర్చున్నారట."

"పదింటి నుంచి పదకొండున్నర దాకా. హాలంతా సాక్ష్యం. కబురు అందగానే అయిదు నిమిషాల్లో ఇక్కడున్నాను. ఏం, నన్నూ అనుమానిస్తారా?"

"ఎలా ఆడారు?"

అతని ముఖం ఒక్క క్షణం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగింది. "ఈసారి ఆరూ చేశాను. ఏడేళ్ళుగా ఆరోదాని దగ్గరే పోయేది. పోయినప్పుడల్లా నా జవాబు మైకులో చదివేవాడు ముసలోడు. 'ఎర మింగే చేప వచ్చిందండీ' అనేవాడు. హాలంతా నవ్వేది. మా ఆవిడ నవ్వేది. స్టేషన్లో దొంగలు కూడా ఆ పేరే... సరే. పోయినవాణ్ణి ఏమనకూడదు. ఈ ఏడు ఆ కప్పు నాదే."

ఒక గిల్టు కప్పు. డిటెక్టివ్ ఆ మాట అనలేదు.

"అయితే వినండి," అంది. "మీకు ఉపయోగపడుతుంది." ఆమె బోర్డు మీది నల్ల గుర్రాన్ని చూపించింది. "ఈ గుర్రం ఈ బోర్డు మీదే ఉంది. అచ్చు కాగితంలో లేదు. అక్కడ శకటు ఉంది. మాస్టారు ఎనిమిదీ ఇరవై అయిదుకి ఫోన్‌లో మార్పించాడు. బోర్డు మీద మాత్రం మార్చలేదు."

అతడు బోర్డు వైపు వంగాడు.

"ఒక నెల ముందు నుంచీ పోటీదారులెవరూ ఈ గడప తొక్కకూడదు కదా? ఈ బోర్డు ఈ పొద్దున పరిచింది. కాబట్టి ఏ జవాబులోనైనా నల్ల గుర్రం మాట ఉంటే, ఆ రాసినవాడు ఈ పొద్దున ఈ గదిలో ఉన్నవాడు. అచ్చు కాగితాన్ని చూసి రాయలేదు. ఇక్కడ చూసి, గుర్తు పెట్టుకొని, అక్కడ కక్కాడు."

"ఎర మింగినవాళ్ళు చాలామందే ఉంటారు," అన్నాడతడు. "తప్పు ఎత్తు రాస్తే హంతకుడా?"

"ఎత్తు కాదు. గుర్రం. నల్లవాళ్ళకు అచ్చులో గుర్రమే లేదు. లేని గుర్రం ఎవరి కంటికీ కనబడదు."

"చూశారా? ఉందా అలాంటి కాగితం?"

"ఇంకా చదవలేదు. కట్ట ఇప్పుడేగా వచ్చింది, లెక్క కూడా పెట్టలేదు." ఆమె కట్టను బోర్డు పక్కకు జరిపి లేచింది. "సెక్రటరీకి ఫోన్ చేసి నంబర్ల కవరు తెమ్మంటాను. ఫోన్ కింద ఉంది. అంతదాకా వీటిని చూస్తుంటారా? పోలీసు కాపలా కన్నా భద్రం ఏముంది."

ఆమె మెట్లు దిగింది. ఒక్కో మెట్టూ వినబడేలా దిగింది. కింద మేనకోడలు తలెత్తి చూసింది. డిటెక్టివ్ పెదవుల మీద వేలు పెట్టింది. ఫోన్ తీసింది, పెట్టింది. గోడ గడియారం ముల్లును చూస్తూ నిలబడింది. తొమ్మిది నిమిషాలు. చేతిలో ఉన్న అతి విలువైన కాగితాన్ని ఎదుటివాడి నోటి ముందు పెట్టి వచ్చింది. నాన్న ఎందుకు మురిసేవాడో ఆమెకు మొదటిసారి అర్థమైంది; అర్థమైనందుకు తన మీదే రోత వేసింది.

నాలుగింటికి మూడు నిమిషాలుందనగా పైకెళ్ళింది.

ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గర, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. కట్ట కట్టినట్టే ఉంది. గదిలో మారినది ఒక్కటే. పాల గ్లాసు ఖాళీగా ఉంది. అంచుకు మీగడ పోగు వేలాడుతోంది. ఈగ కనబడలేదు. ఆ ఈగ ఏమైందో ఆమె ఆలోచించదలచుకోలేదు.

ఆమె కూర్చొని కాగితాలు లెక్కపెట్టింది. ఒక్కొక్కటీ, తడబడకుండా.

"ఇరవై రెండు."

"అంతే పంపారేమో."

"పదిహేడో నంబరు లేదు."

"నాకేం తెలుసు? ఆ తాత పారేసి ఉంటాడు." అతడు ఇటు తిరిగాడు. "మీరే కదా లెక్కపెట్టలేదన్నారు."

కింది పెదవి మీద నీలం. పంటి సందున నీలం. సిరా కలం నీలం.

డిటెక్టివ్ ఖాళీ గ్లాసు వైపు చూసింది. కాగితం పొడిగా దిగదు. గొంతుకు అడ్డం పడితే ఏదో ఒకటి తాగాలి. ఏడున్నర నాటి పాలు, చచ్చినవాడు ముట్టని పాలు.

"'పక్కనే ఉన్నా నల్ల గుర్రానికి ఆ గడి అందదు, కాబట్టి ఆటకట్టు,'" అంది ఆమె. "పదిహేడో కాగితంలో ఆఖరి వాక్యం. కంఠతా వచ్చేసింది. ఈ గదిలో మీకూ అలాగే వచ్చి ఉంటుంది, ఆయన కాళ్ళు కొట్టుకోవడం ఆగాక."

అతడు బొటనవేలితో పెదవి తుడుచుకున్నాడు, నీలం పోలేదు.

"దొంగతనంగా చూసి పోదామనే వచ్చారు. ఆయన ఫోన్ చేసి పైకొచ్చాడు. మిమ్మల్ని చూశాడు. ఏమన్నాడు? చేప అన్నాడా?"

"నవ్వాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆమెతో కాదు, గోడతో. "బోసినోరు పెట్టి నవ్వాడు. సాయంత్రం మైకులో చెబుతానన్నాడు." తర్వాత అతడు ఆమెను చూశాడు, బల్లను చూశాడు, తాపీగా నడిచి ముందు తలుపు గడియ వేశాడు. "కాగితం లేదు. మీ మాట ఎవడు నమ్ముతాడు అక్కగారూ?"

"ప్రెస్ ఓనరు ఇరవై మూడింటికీ నకళ్ళు తీశాడు, మూడున్నరకే. ఇప్పటికి అవి మీ పై అధికారి చేతిలో ఉండాలి. ఆ ఒక్క కాగితమైతే మీరు ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవారు. పొరపాటున గుర్రమని రాశాననేవారు. అందుకే మింగడానికి మీ ముందు పెట్టి వెళ్ళాను. పొరపాటును ఎవడూ నమిలి మింగడు."

అతని ముఖంలో రంగు దిగిపోయింది. మళ్ళీ ఎక్కింది. కుర్చీ మీది సంచిని తీసి, సీలు చింపి, దిండును బయటికి లాగాడు. పసుపుపచ్చ మరక ఆమె వైపు తిరిగింది.

"పై అధికారి వీధి తిరిగి, కారు దిగి, ఈ తలుపు బాది, గడియ విరగ్గొట్టి రావాలి," అన్నాడు. "ఈ గదిలో కేక వీధికి వినబడదు. పొద్దునే తెలుసుకున్నాను."

డిటెక్టివ్ వెనక్కి జరగలేదు. ఆ వాసన దగ్గరికొచ్చింది, పులిసిన పాలు, సిరా, ఎండిన ఎంగిలి. ఇచ్చేవాడు తన్ను తాను ఇచ్చుకోడు అనుకుంటూ పెరిగిన మనిషి, తనే ఆ ఖాళీ గడిలో నిలబడి ఉంది.

"ముందు తలుపు సంగతి నిజమే," అంది. "మీరు రాసింది దాని గురించే కదా."

ఇన్‌స్పెక్టర్ వెనక, బీరువా పక్కన, గడియ ఊడిన తలుపు మెల్లగా తెరుచుకుంది. గడపలో ప్రెస్ ఓనరు సిరా వేళ్ళు, ఆయన భుజం మీదుగా ఒక యూనిఫారం, దాని వెనక మెట్ల మీద మేనకోడలు.

గడియారం నాలుగు కొట్టింది.